కొత్త కారులో అక్కర్లేని ఫీచర్లు: ఫ్యూజులు పీకించే ముందు ఒక పూట కారులో కూర్చోండి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండు సార్లు చదివాను. తెనాలిలో మీ నాన్నగారికి 64 ఏళ్ళు, పదహారేళ్ళుగా పాత వ్యాగనార్ నడిపారు, నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ముచ్చటపడి టాప్ మోడల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొనిచ్చావు, ఆయన రెండు సార్లు గుంటూరు వెళ్ళొచ్చి ఇక తాళం మేకుకి తగిలించేశారు. స్టీరింగ్ దానంతటదే లాగుతోంది, ఉన్నట్టుండి బ్రేక్ వేస్తోంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతోంది, ఏసీ తగ్గించాలంటే స్క్రీన్‌లో వెతుక్కోవాలి, ఎప్పుడూ ఏదో ఒకటి కూస్తూనే ఉంటుంది, ఇదీ ఆయన బాధ. ఎవరో షాపతను రెండు ఫ్యూజులు పీకేస్తే అన్నీ పోతాయి అన్నాడు, పీకించమంటారా అని నీ ప్రశ్న.

పీకించొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను విజయవాడ ఆటోనగర్‌లో 1998 నుంచి కార్ల కరెంటు పనే చేస్తున్నా. మొదట్లో మా పని అంటే డైనమో, సెల్ఫ్ మోటార్, హారన్ రిలే, చేతిలో ఒక టెస్టింగ్ లైట్ ఉంటే చాలు ఏ వైరు ఎటు పోతుందో పట్టేసేవాళ్ళం, ఏసీ నాబ్ తిప్పితే దాని వెనకాల ఒక కేబుల్ ఉండి అది నిజంగానే లోపల ఒక తలుపుని లాగేది. ఇప్పుడు నాబ్ తిప్పినా బటన్ నొక్కినా అది ఒక కబురు మాత్రమే పంపిస్తుంది. క్యాన్ అంటారు, పురి తిప్పిన రెండు సన్నటి వైర్లు, బాష్ కంపెనీ 1986లోనే బయటపెట్టింది, ఇంజిన్ కంప్యూటర్, బ్రేకుల కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్, మీటర్, ముందు అద్దం దగ్గర కెమెరా అన్నీ ఇలాంటి వైర్ల మీదే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అందులో కెమెరా ఫ్యూజు పీకావనుకో, కెమెరా ఒక్కటే పోయి ఊరుకోదు, దాని కబురు రావట్లేదని బ్రేకుల కంప్యూటర్ లైటు వేస్తుంది, స్పీడుని ఒకేలా పట్టి ఉంచే క్రూజ్ పోతుంది, కొన్ని కార్లలో ఆటో హెడ్‌లైటు కూడా పోతుంది, మీటర్ మీద నాలుగు పసుపు లైట్లు ఇక ఆరవు. పైగా ఒక ఫ్యూజు కింద ఒకటే ఉంటుందని గ్యారంటీ లేదు, మొన్నా మధ్య ఒకాయన రివర్స్ సెన్సార్ కూత పడక ఎక్కడో ఫ్యూజు పీకించుకుంటే సెంట్రల్ లాక్ కూడా పోయింది, తలుపులు లాక్ పడక నా దగ్గరికొచ్చాడు. ఇది చాలక రేపు ఏదైనా జరిగితే కంపెనీ వారంటీ దగ్గరా ఇన్సూరెన్స్ దగ్గరా మాట పడాల్సింది నువ్వే.

ఇప్పుడు అసలు విషయం. అక్కర్లేని ఫీచర్ ఉంటే నష్టం ఏముంది, వాడకపోతే సరి అంటారు చాలామంది. అది సన్‌రూఫ్ విషయంలో నిజం. కూసే ఫీచర్ల విషయంలో కాదు, ఎందుకంటే అనవసరంగా కూసే ప్రతి కూతా మనిషికి ఒకటే నేర్పుతుంది, పట్టించుకోకు అని. నాన్నా పులి కథ చిన్నప్పుడు అందరం విన్నాం, కారులో జరిగేది సరిగ్గా అదే. గన్నవరం నుంచి ఒకాయన ఏసీ సరిగ్గా చల్లబడట్లేదని కారు తెచ్చాడు, నేను సీట్లో కూర్చుని స్విచ్ ఆన్ చేస్తే మీటర్ మీద మూడు లైట్లు, అందులో ఒకటి ఎర్రగా, గుండ్రంలో ఆశ్చర్యార్థకం గుర్తు. ఇది ఎప్పటి నుంచి అండీ అంటే నెల పైనే అయింది, ఈ కారు ఎప్పుడూ ఏదో ఒకటి చూపిస్తుంది బాసూ, లేన్ అంటుంది, టైరు అంటుంది, కాఫీ తాగు అంటుంది, చూడటం మానేశా అన్నాడు. బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ మినిమం గీత కంటే బాగా కిందకి ఉంది. చక్రం విప్పితే ముందు ప్యాడ్లు అరిగి ఇనుము ఇనుముని రాసుకుంటోంది, డిస్క్ మీద వేలు పెడితే గాట్లు పడి రంపంలా తగిలింది. ఆ కారులో ఇద్దరు స్కూలు పిల్లలు రోజూ వెళ్తారు. ఆయన చదువుకున్నాయనే, నిర్లక్ష్యం మనిషి కాదు, కారే ఆయన్ని అలా తయారు చేసింది.

అందుకని నువ్వు మీ నాన్నగారి కోసం చేయాల్సింది అన్నీ తీసేయడం కాదు, ఆయనకి ఎర్ర లైటు ఎర్రగా కనపడేలా, నిజంగా అవసరమైన కూత చెవికి వినపడేలా మిగతా గోలని తగ్గించడం. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం కారు ఆరుబయట పెట్టి, మూసిన షెడ్డులో మాత్రం ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవద్దు, ఇద్దరూ కూర్చుని యూజర్ మాన్యువల్ ముందేసుకుని సెట్టింగ్స్ ఒక్కొక్కటీ తెరవండి. నువ్వు నొక్కి చూపించడం కాదు, ఆయన చేతే నొక్కించు.

మొదట ఏడాస్, అంటే కారు తనే రోడ్డుని చూస్తూ మనల్ని హెచ్చరించడం, అవసరమైతే స్టీరింగ్ తిప్పడం, బ్రేక్ వేయడం చేసే ఏర్పాటు. అందరికీ చికాకు దాంతోనే, అందరూ తప్పు చేసేదీ అందులోనే, కోపంలో మొత్తం ఒకేసారి ఆఫ్ చేసేస్తారు. అదొక మూట, అందులో వేరువేరు పనులున్నాయి. లేన్ పట్టి ఉంచేది స్టీరింగ్‌ని లాగుతుంది, మన రోడ్ల మీద నా సలహా అది ఆపేయమనే. ఓఆర్ఆర్ మీద గీతలు బాగుంటాయి కాబట్టి హైదరాబాద్‌లో నీకు అది బాగానే పనిచేస్తుంది, కానీ తెనాలి నుంచి గుంటూరు వచ్చే రోడ్డులో ఒకచోట గీత ఉంటుంది ఒకచోట ఉండదు, ఒకవైపు సైకిల్ వస్తే దాన్ని తప్పించుకోవడానికి ఇండికేటర్ వేయకుండా కొంచెం కుడికి జరుగుతాం, కారేమో నువ్వు నిద్రపోయి గీత దాటుతున్నావనుకుని సైకిల్ వైపుకే లాగుతుంది. ఇండికేటర్ వేస్తే లాగదు, అది మంచి అలవాటే, మీ నాన్నగారికి చెప్పు, కానీ గేదెని తప్పించేటప్పుడు ఇండికేటర్ ఎవరికి గుర్తుంటుంది. చాలా కార్లలో ఆపితే ఆగే ఉంటుంది, కొన్నిట్లో బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్ళీ ఆన్ అవుతుంది, అలాంటిదైతే స్టీరింగ్ మీదో డ్యాష్‌బోర్డు ఎడమ వైపో షార్ట్‌కట్ బటన్ ఉందేమో చూడు. సీటు బెల్టు పెట్టుకోగానే ఆ బటన్ నొక్కడం అలవాటైపోతే ఇక ఇబ్బంది ఉండదు.

కానీ దానంతటదే వేసే అత్యవసర బ్రేక్ మాత్రం ఆపొద్దు. ఆయనకి దాని మీదే కోపం ఎక్కువ అని తెలుసు, అయినా ఆపొద్దు. ఎందుకు చెప్తున్నానంటే 64 ఏళ్ళ మనిషి కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేక్ మీదకి రావడానికి పట్టే సమయం ముప్పై ఏళ్ళ కుర్రాడికంటే ఎక్కువ, అది ఆయన తప్పు కాదు, వయసు. ఆ ఫీచర్ అవసరమైన రోజు ఏడాదికి ఒక్కసారి రావచ్చు, అసలు రాకపోవచ్చు, వచ్చిందంటే ఆ ఒక్క క్షణం చాలు. చికాకు తగ్గించడానికి వేరే దారి ఉంది, ముందు వార్నింగ్ ఎంత తొందరగా ఇవ్వాలి అనే సెట్టింగ్ చాలా కార్లలో ఉంటుంది, ముందుగా, మామూలుగా, ఆలస్యంగా అని మూడు రకాలు, ఆలస్యంగా అనేదానిలో పెట్టి చూడండి, ఊళ్ళో ఆటోలు అడ్డం వచ్చినప్పుడల్లా కూయడం చాలావరకు తగ్గుతుంది. ఇంకా కారు గట్టిగా బ్రేక్ వేస్తుంటే ఆయన ముందు బండికి మరీ దగ్గరగా వెళ్తున్నారేమో పక్కన కూర్చుని గమనించు, వ్యాగనార్ రోజుల అలవాటు అయ్యుండొచ్చు. కొంచెం ఎడం వదిలితే కారు ఆయన జోలికి రాదు. అడాప్టివ్ క్రూజ్, అంటే ముందు బండిని బట్టి స్పీడు తనే పెంచుకుని తగ్గించుకునేది, అది మాత్రం ఆయన్ని ముట్టుకోవద్దని చెప్పు, మన హైవేల మీద నువ్వు వదిలిన ఖాళీలోకి ఒక బైకు దూరితే కారు గబుక్కున బ్రేక్ వేస్తుంది, వెనకాల వచ్చే లారీకి ఆ సంగతి తెలియదు. 65 నంబరు హైవే మీద చౌటుప్పల్ నుంచి నందిగామ దాకా ఎన్ని ఊళ్ళు రోడ్డుకి ఆనుకుని ఉన్నాయో నీకు తెలుసు, డివైడర్ సందుల్లోంచి మనుషులు దాటుతూనే ఉంటారు, అక్కడ క్రూజ్ పెట్టుకునే ధైర్యం నాకే లేదు.

బ్రేక్ ఊరికే పడుతోంది అన్నావు కాబట్టి ఇంకొకటి చూడమంటాను, చాలామందికి తెలియనిది. చాలా కార్లలో ఏడాస్‌కి కళ్ళు రెండు చోట్ల ఉంటాయి, ముందు అద్దం పైన లోపలి వైపు కెమెరా, ముందు బంపర్లోనో గ్రిల్లులోనో లోగో వెనకాలో రాడార్. ఫాస్టాగ్‌ని అద్దం మధ్యలో లోపలి మిర్రర్ వెనకాల అతికించమంటారు కదా, కెమెరా కూడా అక్కడే ఉంటుంది, అతికించే కుర్రాడు హడావుడిలో కెమెరా చూసే చోట మీదకి అంచు వచ్చేలా అతికిస్తాడు, లేకపోతే వాన సెన్సార్ మీద అతికిస్తాడు. బయట నిలబడి చూస్తే కెమెరా ముందు అద్దం మీద నల్లటి అంచులో ఒక చిన్న కిటికీ లాగా ఖాళీ కనపడుతుంది, అక్కడ ఏ స్టిక్కరూ, బొట్టూ ఉండకూడదు. పోయిన శ్రావణ మాసంలో ఒక జంట దుర్గ గుడి దగ్గర వాహన పూజ చేయించుకుని తిన్నగా నా షాపుకి వచ్చారు, కొత్త కారు, ఇంకా సీట్ల కవర్లు కూడా తీయలేదు, మీటర్ మీద ముందు సెన్సార్ పనిచేయట్లేదని మెసేజ్, ఆపకుండా పార్కింగ్ కూత. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, పూజ చేసిన రోజే ఇలా అయిందేంటని. వంగి చూస్తే ముందు లోగో నిండా దట్టంగా పసుపు ముద్ద, దాని మీద కుంకుమ, అప్పటికే ఎండి గట్టిపడింది, ఆ కారుకి రాడార్ సరిగ్గా లోగో వెనకాలే ఉంది. గ్రిల్లుకి కట్టిన బంతిపూల దండ బంపర్లో ఉన్న గుండ్రటి పార్కింగ్ సెన్సార్ ముందు వేలాడుతోంది, దిష్టికి కట్టిన నిమ్మకాయలూ మిరపకాయలూ అక్కడే. తడి గుడ్డతో పసుపు మెల్లగా తుడిచి, దండ బానెట్ మీదకి జరిపి, నిమ్మకాయలు కింద ఒక మూలకి మార్చి కట్టాను, స్టార్ట్ చేస్తే మెసేజ్ పోయింది, కూత ఆగింది. పూజ చేయించుకోండి, నేనూ నా బండికి చేయిస్తాను, బొట్టు బానెట్ మీద పెట్టించండి అంతే.

అద్దం పగిలి మార్చాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. నా బావమరిది కారుకి రాయి తగిలి అద్దం పోతే ఎక్కడో తక్కువకి వేయించుకున్నాడు, అద్దం బాగానే బిగించారు కానీ కెమెరా క్యాలిబ్రేషన్ చేయలేదు. కెమెరా చూపు కొంచెం పక్కకి పోయినా దూరం వెళ్ళేసరికి అది పక్క లేన్ అవుతుంది, పక్క లేన్లో పోయే లారీని మన ముందున్న లారీ అనుకుని బ్రేకులు వేయడం మొదలుపెట్టింది. ముందు బోర్డు పెట్టి కొలతలతోనో, రోడ్డు మీద నడిపిస్తూనో కారు కంప్యూటర్లకి తగిలించే స్కానర్‌తో సెట్ చేస్తారు, అద్దం మార్చేటప్పుడే ఆ పని బిల్లులో రాయించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. బంపర్ రిపేరు అయినప్పుడు రాడార్‌కి కూడా అంతే.

ఇక స్క్రీన్. దీని మీద నా అభిప్రాయం సూటిగానే చెప్తాను, ఏసీని స్క్రీన్లోకి తోసేయడం తప్పు. ఒక రాత్రి సూర్యాపేట నుంచి వస్తున్నా, కస్టమర్ కారు టెస్టింగ్‌కి తీసుకెళ్ళి మా అమ్మని కూడా ఎక్కించుకుని వస్తున్నా, నందిగామ దాటాక అమ్మ వెనక నుంచి చలేస్తోందిరా అంది. బ్లోయర్ తగ్గిద్దామంటే స్క్రీన్ మీద పాటలు ఉన్నాయి, వెనక్కి నొక్కాలి, ఏసీ బొమ్మ నొక్కాలి, ఆ తర్వాత వేలితో గీత జరపాలి, గతుకులో వేలు జారి మళ్ళీ నొక్కా. తల ఎత్తేసరికి వెనక లైటు లేని ట్రాక్టరు, ట్రక్కు నిండా వరిగడ్డి, నా హెడ్‌లైట్ వెలుగులో గడ్డి పరకలు కూడా కనిపిస్తున్నాయి. ఎలా తప్పించానో ఆ దేవుడికే తెలియాలి, అమ్మ ఏమైందిరా అంటే ఏమీ లేదమ్మా అన్నా. 80 స్పీడులో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది, నేను స్క్రీన్ చూసింది తక్కువలో తక్కువ నాలుగు సెకన్లు. నేను ఈ స్క్రీన్లు విప్పి బిగించేవాణ్ణి, నాకే ఇలా అయితే మీ నాన్నగారి సంగతి ఆలోచించు.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. స్వీడన్‌లో వీ బిలాగరె అని ఒక కార్ల పత్రిక 2022లో కార్లన్నిటినీ 110 స్పీడులో నడిపిస్తూ ఏసీ, రేడియో, ట్రిప్ మీటర్ లాంటి నాలుగు పనులు చేయించి టైము చూసింది, 2005 నాటి బటన్ల వోల్వో వీ70లో 10 సెకన్లు పట్టింది, అన్నిటికంటే వెనకబడిన టచ్ స్క్రీన్ కారులో 44.6 సెకన్లు పట్టింది, అంటే ఆ లోపు కారు 1,372 మీటర్లు పోయింది. అసలు టచ్ స్క్రీన్ కారులో పెట్టడం కొత్తేమీ కాదు, అమెరికాలో బ్యూక్ రివేరా కారుకి 1986లోనే పెట్టారు, జనం కళ్ళు రోడ్డు మీంచి తీయాల్సి వస్తోందని గోల పెడితే 1990 మోడల్‌కి మళ్ళీ బటన్లే ఇచ్చారు. ఇప్పుడు యూరప్‌లో కార్లకి సేఫ్టీ స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్ళు కూడా 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, అత్యవసర కాల్ ఈ ఐదింటికీ చేతికి తగిలే స్విచ్చులు లేకపోతే పూర్తి మార్కులు ఇవ్వం అన్నారు. కంపెనీలు ఎందుకు పెడుతున్నాయంటే ఇరవై రకాల స్విచ్చులకి ఇరవై అచ్చులు, ఇరవై వైర్లు కావాలి, స్క్రీన్ అయితే ఒకటే, షోరూములో చూడ్డానికి కూడా బాగుంటుంది.

కొన్నాక చేయగలిగింది ఏంటంటే, ఏసీని ఆటోలో పెట్టి 25 దగ్గర వదిలేయండి, బ్లోయర్ జోలికే వెళ్ళొద్దు, మొదటి పది నిమిషాలు గట్టిగా వీస్తుంది తర్వాత అదే తగ్గుతుంది, ఆయనకి చలేస్తే గాలి రెక్కలు చేత్తో పక్కకి తిప్పుకోమను. సౌండు స్టీరింగ్ మీద బటన్‌తోనే. స్క్రీన్ మొదటి పేజీలో ఏసీ, మ్యాప్, ఫోన్ మూడే ఉండేలా చేసి మిగతావి పక్క పేజీకి తోసేయ్, అక్షరాలు పెద్దవి చేసే సెట్టింగ్ ఉంటే చేయి. భాష మార్చుకునే వీలుంటే ఆయనకి ఏది తేలికైతే అది పెట్టు. ఇంకా ముఖ్యమైనది, ముందు అద్దానికి ఆవిరి పట్టినప్పుడు నొక్కే డీఫాగర్ బటన్ చాలా కార్లలో విడిగానే ఇస్తారు, అది ఎక్కడుందో ఆయనకి కళ్ళు మూసుకుని కూడా దొరకాలి, వానాకాలంలో అది ప్రాణం కాపాడే బటన్. పనికొస్తుందని చెప్తున్నా, మా ఇంట్లో కారుకి ఆ బటన్ మీద చిన్న బొడిపె స్టిక్కర్ అతికించాను, వేలు పోతే తెలుస్తుంది.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోవడం రిపేరు కాదు, దాన్ని స్టార్ట్ స్టాప్ అంటారు, పెట్రోలు కలిసొస్తుందని పెట్టింది. రోజూ బెంజ్ సర్కిల్ దగ్గర గంటసేపు నిలబడేవాళ్ళకి కాస్త కలిసొస్తుంది, తెనాలిలో తిరిగే కారుకి పెద్దగా ఏమీ ఉండదు. కారు మైలేజీ పరీక్ష ల్యాబులో రోలర్ల మీద చేస్తారు, అందులో బండి ఆగి నిలబడే సమయం కూడా లెక్కే, అప్పుడు ఇంజిన్ ఆగితే సర్టిఫికెట్‌లో నంబరు బాగుంటుంది, మన దేశంలో 2017 నుంచి కంపెనీల సగటు మైలేజీ మీద రూలు ఉంది, 2022 నుంచి ఇంకా బిగించారు. పరీక్షలో ఉన్నట్టే రోడ్డు మీద కూడా స్టార్ట్ చేయగానే అది ఆన్‌లోనే ఉంటుంది, చాలా కార్లలో శాశ్వతంగా ఆపే సెట్టింగ్ ఇవ్వరు, ప్రతిసారీ బటన్ నొక్కుకోవాల్సిందే. మే నెల ఎండలో ఇంజిన్ ఆగితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది, వేడి గాలి మొహానికి కొడుతుంది, అంచేత ఆయన నొక్కేసుకోవడమే మేలు. ఇక్కడ డబ్బు పోయే చోటు ఒకటుంది, ఇలాంటి కార్లకి మామూలు బ్యాటరీ ఉండదు, ఈఎఫ్‌బీ అనో ఏజీఎం అనో దాని మీద రాసి ఉంటుంది, కొంచెం ఖరీదు. మూడు నాలుగేళ్ళకి మార్చేటప్పుడు చవగ్గా వస్తుందని మామూలుది వేయించుకుంటే స్టార్ట్ స్టాప్ ఆన్‌లో ఉన్నన్నాళ్ళు అది తట్టుకోలేదు, ఏడాది తిరగకుండా మళ్ళీ నా దగ్గరికొస్తారు. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేశానని స్కానర్‌తో కంప్యూటర్‌కి చెప్పాలి కూడా.

తాళం సంగతి మాత్రం ఆ సాయంత్రమే ఆయనకి చూపించు, వాయిదా వేయకు. రిమోట్‌లో గుండ్రటి సెల్ అయిపోతే తలుపు తెరుచుకోదు, పెద్దవాళ్ళు అర్ధరాత్రి ఏ పెళ్ళి నుంచో వస్తూ బిక్కచచ్చిపోతారు. రిమోట్ పక్కన చిన్న మీట నొక్కితే లోపల నుంచి ఇనప తాళం ఊడి వస్తుంది, డ్రైవర్ తలుపు హ్యాండిల్ దగ్గర దాని కన్నం ఉంటుంది, కొన్ని కార్లలో ప్లాస్టిక్ మూత కింద దాచి ఉంటుంది. లోపలికి వెళ్ళాక స్టార్ట్ బటన్‌కి రిమోట్ ఆనించి బ్రేక్ తొక్కి నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి, కొన్నిటికి కన్సోల్లో వేరే చోటు ఉంటుంది, మాన్యువల్లో చూడు. ఎక్కువ రిమోట్లకి సీఆర్2032 సెల్ పడుతుంది, ఒకటి కొని డ్యాష్‌బోర్డు అరలో పడేయ్. బటన్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న కారైతే ఇంకో మాట, వెనక ప్యాడ్లు మార్చేటప్పుడు స్కానర్‌తో దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టి విప్పాలి, వీధి చివర మెకానిక్ మామూలుగా నొక్కేస్తే లోపల మోటారు పోతుంది.

సన్‌రూఫ్ వాడకపోయినా నెలకి ఒకసారి తెరిచి అంచుల్లో దుమ్ము, ఆకులు గుడ్డతో తీసేయండి, మూలల్లో నీళ్ళు కిందకి పోయే సన్నటి గొట్టాలుంటాయి, అవి పూడితే వాన నీళ్ళు పైకప్పు గుడ్డలోకీ, అక్కడి నుంచి వైరింగ్‌లోకీ దిగుతాయి. మనవలు వస్తే అందులోంచి నిలబడి తల బయట పెట్టనివ్వొద్దు, ఒక్క బ్రేకు చాలు.

ఫోన్ యాప్ సంగతి ఒక్క ముక్క, మొజిల్లా ఫౌండేషన్ 2023లో 25 కార్ల బ్రాండ్ల ప్రైవసీ పద్ధతులు చూస్తే ఒక్కటీ పాస్ అవ్వలేదు, అవసరం లేకపోతే ఆయన ఫోన్ కాంటాక్టులు కారుకి ఇవ్వొద్దు. రేపు కారు అమ్మితే స్క్రీన్‌ని రీసెట్ చేసి యాప్ నుంచి కారుని తీసేయాలి, సెకండ్ హ్యాండ్ కొన్నా పాత ఓనర్ ఫోన్‌లో కారు ఇంకా ఉందేమో చూసుకోవాలి, నేను స్వయంగా చూశాను, అమ్మి ఆరు నెలలైనా పాతాయన ఫోన్‌లో కారు ఎక్కడుందో కనిపిస్తోంది.

ఆపకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, కారు జారకుండా పట్టే ఈఎస్‌సీ, టైర్ల గాలి చెప్పేది, ఇవన్నీ ఉంచండి. టైరు వాల్వు లోపల సెన్సార్ ఉంటే పంక్చర్ షాపులో టైరు ఊడదీసే ముందు ఆ అబ్బాయికి చెప్పాలి, లేకపోతే టైరు ఊడదీసే ఇనప పట్టీతో దాన్ని విరగ్గొట్టేస్తాడు. సీటు బెల్టు కూత, 80 దాటితే అప్పుడప్పుడూ 120 దాటితే ఆగకుండా వచ్చే కూత, ఇవి 2019 జూలై నుంచి మన దేశంలో ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి, వీటికి మాత్రం అలవాటు పడాల్సిందే. బెల్టు కూత ఆపడానికి బకిల్‌లో దూర్చే క్లిప్పులు ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు, 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఈ కామర్స్ కంపెనీల చేత 13,118 లిస్టింగులు తీయించింది, అయినా ఇంకా రోడ్ల పక్కన దొరుకుతున్నాయి, నా షాపుకి వచ్చిన కార్లలో కనిపిస్తే పీకి ఓనర్ చేతిలో పెట్టి రెండు మాటలు చెప్పకుండా పంపను.

చివరిగా నువ్వు అడగనిది, కానీ నాకు అన్నిటికంటే భయమైనది. పదహారేళ్ళు క్లచ్ తొక్కిన కాలు, ఇప్పుడు ఆటోమేటిక్. కంగారులో ఎడమ కాలు క్లచ్ అనుకుని బ్రేక్‌ని గట్టిగా తొక్కేస్తుంది, ఆయన కారే బ్రేక్ వేసింది అంటున్న వాటిలో కొన్ని ఇవే అయ్యుండొచ్చు. ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఏదైనా ఖాళీ గ్రౌండుకి తీసుకెళ్ళు, ఎడమ కాలు పక్కనుండే రెస్టు మీద పెట్టించి సీటు కిందకి లాక్కోనివ్వకుండా అరగంట ముందుకీ వెనక్కీ నడిపించు. ఒకసారి ఆయన్ని కావాలనే బ్రేక్ పూర్తిగా తొక్కమను, కాలి కింద ఏబీఎస్ టకటకమని కొట్టుకోవడం ఒక్కసారి తెలిస్తే నిజంగా అవసరమైనప్పుడు భయపడి కాలు తీసేయరు. రెండో ఆదివారం గుంటూరు దాకా వెళ్ళి రండి, ఆయన నడపాలి, నువ్వు పక్కన కూర్చోవాలి, ఫోన్ చూడకు, ఏది కూసినా అది ఏంటో, దాన్ని పట్టించుకోవాలో వద్దో అప్పటికప్పుడు చెప్పు. కారు పేరు, ఏ సంవత్సరం, ఏ వేరియంటో ఇక్కడ రాయి, లేన్ ఆపే బటన్ ఎక్కడుందో, లోగో వెనకాల రాడార్ ఉందో లేదో నేను చూసి చెప్తాను.